రీడర్ మోడ్: పేజీ శుభ్రపడింది, వాక్యం మాత్రం అలాగే ఉంది

ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ మనం వాడే చాలా బ్రౌజర్లలో రీడర్ మోడ్ అనే సౌకర్యం ఉంటుంది. చిరునామా పట్టీ పక్కన కాగితం బొమ్మగానో, మెనూలో ఒక వరుసగానో కనిపిస్తుంది. దాన్ని నొక్కగానే ప్రకటనలు, పక్క పట్టీలు, ‘ఇవి కూడా చదవండి’ పెట్టెలు, వాటంతట అవే మొదలయ్యే వీడియోలు తొలగిపోయి, వ్యాసం ఒక్కటే ఖాళీ పేజీ మీద నిలుస్తుంది. దీనికి డబ్బు చెల్లించనక్కరలేదు, విడిగా ఏ యాప్‌నూ దించుకోనక్కరలేదు. మూడు నెలలుగా ఫోన్‌లో ఒక బ్రౌజర్‌లోనూ, ల్యాప్‌టాప్‌లో మరొక బ్రౌజర్‌లోనూ దీన్ని దాదాపు ప్రతిరోజూ వాడాను. అక్షరాల పరిమాణం, నేపథ్యం రంగు వంటి సంగతులు క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. నాకు ముఖ్యమైన ప్రశ్న వేరు. వ్యాసం లోపల, వాక్యం మధ్యలో నీలం రంగులో ఉండే లింకుల వల్ల ఏకాగ్రత చెదిరే పాఠకులకు ఈ సౌకర్యం ఎంతవరకు పనికొస్తుంది?

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కూకట్‌పల్లిలో దిగుతాను. ప్రయాణం సుమారు నలభై నిమిషాలు. ఒక మోస్తరు పొడవున్న వ్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడానికి ఆ సమయం సరిపోవాలి. కొన్నేళ్లుగా సరిపోవడం లేదు. నా చదువు వేగం తగ్గిందని, వయసు వల్ల కావచ్చునని అనుకుంటూ వచ్చాను. ఒక రోజు ఎదురైన అనుభవంతో కారణం వేరే చోట ఉందని అర్థమైంది.

ఆ రోజు 1908 మూసీ వరదల మీద ఒక వ్యాసం తెరిచాను. మరునాడు తరగతిలో ఆ పాఠం చెప్పవలసి ఉంది. మలక్‌పేట దాటి రైలు మూసీ మీదుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వైపు వెళ్తున్నప్పుడు, 1908 సెప్టెంబరు 28న ఇదే నది నగరాన్ని ముంచెత్తి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకున్న సంగతి చెప్పే పేరాలో ఉన్నాను. కిటికీలో నది కనిపిస్తోంది, చేతిలో ఆ నది కథ ఉంది. తరువాతి పేరాలో, ఇలాంటి ముంపు మళ్లీ రాకుండా చూడడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిందని ఉంది. ఆయన పేరు నీలంలో ఉంది, నొక్కాను. ఆయన పేజీలో కృష్ణరాజసాగర్ ఆనకట్ట నీలంలో ఉంది. అక్కడి నుంచి కావేరి జలాల వివాదానికి, అందులోంచి మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన 1924 ఒప్పందానికి వెళ్లాను. అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా ఎక్కి తోసుకుంటుంటే తలెత్తి చూశాను. బస్ స్టేషన్ తరువాత తొమ్మిది స్టేషన్లు గడిచాయి. మూసీ వ్యాసంలో నేను చదివింది రెండు పేరాలు. ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయన్న వివరం, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న వివరం ఆ వ్యాసం కింది భాగంలో ఉన్నాయి. పాఠానికి నాకు కావలసినవి సరిగ్గా అవే. వాటి దాకా నేను వెళ్లనే లేదు.

దారిలో చదివినవేవీ పనికిమాలినవి కావు. కావేరి ఒప్పందం గురించి చరిత్ర అధ్యాపకులు తెలుసుకొని ఉండవలసిందే. అయితే ఆ ఉదయం దాన్ని చదవాలని నేను అనుకోలేదు. ఒక్కొక్క లింకు దగ్గర నేనే నిర్ణయించుకున్నట్టు అనిపించింది, కాని మూసీ నుంచి కావేరి దాకా సాగిన ఆ దారిని మొత్తంగా నిర్ణయించినవారు ఎవరూ లేరు.

మరునాడే రీడర్ మోడ్ వాడడం మొదలుపెట్టాను. దీనికి మూలమైన పనిముట్టును 2009లో ఆర్క్90 అనే అమెరికా సంస్థ రీడబిలిటీ పేరుతో విడుదల చేసింది. 2010 జూన్‌లో యాపిల్ తన సఫారీ 5 బ్రౌజర్‌లో రీడర్‌ను చేర్చింది. ఫైర్‌ఫాక్స్ వాడే ప్రోగ్రాము కూడా ఆర్క్90 వారి రీడబిలిటీ నుంచి పెరిగినదే. పేజీలో ఏది వ్యాసమో, ఏది కాదో ఆ ప్రోగ్రాము తేల్చుకొనే పద్ధతి తెలుసుకోదగినది. అది పేజీలోని ఒక్కొక్క ముక్కకూ మార్కులు వేస్తుంది. పేరా పొడవుగా ఉంటే మార్కులు పెరుగుతాయి, కామాలు ఉంటే పెరుగుతాయి. ఆ ముక్కలోని అక్షరాల్లో ఎంత భాగం లింకుల్లో ఉందో లెక్కగట్టి, ఆ మేరకు మార్కులు తగ్గిస్తుంది. వరుసగా లింకులే ఉన్న చోటు సాధారణంగా మెనూ అయినా అయి ఉంటుంది, సంబంధిత కథనాల జాబితా అయినా అయి ఉంటుంది.

అంటే లింకులు గుమిగూడిన చోటు చదవడానికి ఉద్దేశించినది కాదని ఈ ప్రోగ్రాము రాసినవారికి మొదటి నుంచీ తెలుసు. అయినా ఒక ముక్కను వ్యాసంగా తేల్చుకున్న తరువాత దాని పేరాల్లోని లింకుల జోలికి అది పోదు. అవి ఉన్నచోటే, రంగుతో సహా ఉంటాయి. చుట్టూ ఉన్న రంగులన్నీ పోయాక ఆ పేజీలో మిగిలే రంగు దాదాపుగా వాటిదొక్కటే. మామూలు పేజీలో పది ఆకర్షణల మధ్య ఒకటిగా ఉన్న లింకు, రీడర్ మోడ్‌లో ఉన్న ఒకే ఒక్క ఆకర్షణ అవుతుంది. మొదటి మూడు వారాలు నేను చదివిన ప్రతి వ్యాసం పేరు, అది దిగేలోగా పూర్తయిందో లేదో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రకటనలతో నిండి ఉండే పత్రికల వ్యాసాలు దాదాపు అన్నీ పూర్తయ్యాయి, అది రీడర్ మోడ్ చేసిన మేలే. లింకులతో నిండి ఉండే, వికీపీడియా వంటి విజ్ఞానసర్వస్వాల వ్యాసాలు మాత్రం సగానికి పైగా మధ్యలోనే ఆగిపోయాయి.

తెలుగు పాఠకులుగా మనం ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం ఇక్కడే ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘వరద నివారణకు మార్గాలు సూచించడానికి నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు’ అనే వాక్యంలో విశ్వేశ్వరయ్య పేరుకు లింకు ఉందనుకుందాం. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి వరద, నివారణ, ప్రభుత్వం, ఆహ్వానం అన్నీ పాఠకుడి మనసులో పోగుపడి ఉంటాయి. అవన్నీ దేనికోసం పోగుపడ్డాయో చెప్పే ‘సలహా ఇచ్చారు’ ఇంకా రాలేదు. అక్కడ లింకు నొక్కి వెళ్లినవారు పూర్తికాని వాక్యాన్ని మనసులో మోసుకుంటూ మరో పేజీ చదవవలసి వస్తుంది. ఆ కొత్త పేజీలోని మొదటి వాక్యమే పాత వాక్యాన్ని చెరిపేస్తుంది. తిరిగి వచ్చాక మిగిలిన సగం చదివితే అర్థం కాదు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. క్రియ ముందే వచ్చే ఇంగ్లీషు వాక్యంలో ఈ నష్టం కొంత తక్కువని, రెండు భాషల్లోనూ చదివే నాకు అనుభవంలో తోస్తుంది. తెలుగు చదివేవారి కంటి కదలికల మీద మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా ఈ కోణంలో పరిశోధన చేస్తే ఎంతో మేలు జరుగుతుంది.

మన భాషకే చెందిన ఇబ్బంది మరొకటి ఉంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాటకు అంటుకొని ఉంటాయి. ‘హైదరాబాదులోని’ అన్న మాటలో హైదరాబాదు నీలంగానూ, ‘లోని’ నల్లగానూ కనిపించే వ్యాసాలు చాలా ఉన్నాయి. ఒకే మాట రెండు రంగులుగా చీలితే, దాన్ని ఒక్క చూపులో అందుకోవలసిన కన్ను మధ్యలో తట్టుకుంటుంది. తెలుగు వికీపీడియాలో లంకెలని కూడా పిలిచే ఈ లింకుల్లో, ఇంకా ఎవరూ రాయని వ్యాసాలను సూచించేవి ఎరుపులో ఉంటాయి. కాబట్టి ఒకే పేరాలో నలుపు, నీలం, ఎరుపు మూడూ కలిసి ఉండవచ్చు. అక్కడ స్వచ్ఛందంగా రాసేవారిని నేను తప్పు పట్టడం లేదు. రాయవలసిన వ్యాసం ఏదో చూపే ఎర్ర లంకె వారికి ఎంతో అవసరం, తెలుగులో అంత సమాచారం చేరిందంటే అది వారి శ్రమే. రాసేవారికి పనికొచ్చే గుర్తు చదివేవారి కళ్ల ముందుకు కూడా వస్తోందని మాత్రమే నా మాట. నేను వాడిన రెండు బ్రౌజర్లలోనూ రీడర్ మోడ్‌లోకి మారగానే ఎరుపు, నీలం రెండూ ఒకే రంగుకు వచ్చాయి. అది కొంత ఊరట. మాట రెండుగా చీలడం మాత్రం తగ్గలేదు.

లింకు అనేది అసలు ఏ అవసరం కోసం వచ్చిందో గుర్తు చేసుకుంటే ఈ ఇబ్బంది ఆశ్చర్యం కలిగించదు. లింకులతో ఒకదానికొకటి ముడిపడిన రాతను సూచించే హైపర్‌టెక్స్ట్ అనే మాటను 1960లలో వాడుకలోకి తెచ్చినవాడు టెడ్ నెల్సన్. వెబ్‌కు పునాది వేసిన ప్రతిపాదనను టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో రాశాడు. వేలమంది వచ్చిపోయే ఆ సంస్థలో ఎవరి దగ్గర ఏ సమాచారం ఉందో తెలియక అది పోతూ ఉండేది. కావలసిన పత్రాన్ని మరొక పత్రం నుంచి పట్టుకోవడానికి ఆయన లింకులను ప్రతిపాదించాడు. వెతికేవారికి అంతకు మించిన సాధనం లేదు. ఒక విషయాన్ని ఆద్యంతం చదవాలని కూర్చున్నవారి అవసరం వేరు.

పరిశోధకులు ఏం కనుగొన్నారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో ఒక్క మాటతో తీర్పు చెప్పడం న్యాయం కాదు. 2001లో కెనడాకు చెందిన డేవిడ్ మయాల్, తెరెసా డాబ్సన్ ఒకే కథను కొందరికి మామూలు వరుసలోనూ, మరికొందరికి లింకులతోనూ చదవడానికి ఇచ్చారు. లింకులతో చదివినవారికి ఎక్కువ సమయం పట్టింది, కథ సరిగా అందలేదని చెప్పినవారూ వారిలోనే ఎక్కువ. 2007లో కార్ల్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డయానా డెస్టెఫానో, జో-ఆన్ లెఫెవ్ర్ అంతవరకు వచ్చిన 38 పరిశోధనలను కలిపి పరిశీలించి, లింకుల వల్ల పాఠకులు తీసుకోవలసిన నిర్ణయాలూ కంటికి పడే పనీ పెరిగి చదువు దెబ్బతింటోందని తేల్చారు. అయితే 2019లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంటి కదలికలను నమోదు చేసి చూసినప్పుడు, మాటకు లింకు రంగు వేసినంత మాత్రాన చదువు చెడిపోవడం లేదని కనిపించింది. అరుదైన మాటకు లింకు ఉన్నప్పుడే పాఠకులు వెనక్కి వెళ్లి ముందు చదివినదాన్ని మళ్లీ చూసుకున్నారు.

ఈ చివరి ఫలితం నాకు చాలా ఉపయోగపడింది. తప్పంతా నీలం రంగుదేనని నేను మొదట్లో అనుకున్నాను. కాని మన వ్యాసాల్లో లింకులు ఎక్కువగా పడేది వ్యక్తుల పేర్ల మీద, ఊళ్ల పేర్ల మీద, పారిభాషిక పదాల మీద. చాలామంది పాఠకులకు అవి అరుదైన మాటలే. అలాంటి మాట దగ్గర ‘దీన్ని తెలుసుకోకుండా ముందుకు వెళ్లవచ్చా’ అనే ప్రశ్న లింకు లేకపోయినా పుడుతుంది. లింకు ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పవలసి వస్తుంది. పది లింకుల పేరా చదివినవారు నొక్కినా నొక్కకపోయినా పదిసార్లు నిర్ణయం తీసుకున్నట్టే. నొక్కకుండా ఉండడం కూడా పనే. నా అలసటకు కారణం అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఈ సంగతులు ఒకసారి తరగతిలో ప్రస్తావించినప్పుడు ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, లింకులు తెరవకుండా చదివితే సగమే చదివినట్టు కాదా?” అని అడిగింది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆమె అడిగినదానిలో న్యాయం ఉంది. నేను చదువుకున్న రోజుల్లో ఒక పేరు గురించి తెలుసుకోవాలంటే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, పుస్తకం కోసం చీటీ రాసి ఇచ్చి, అది వచ్చేదాకా కూర్చునేదాన్ని. ఇంట్లో పాఠ్యపుస్తకాలు తప్ప మరో పుస్తకం లేని పిల్లలకు ఈ రోజు ఆ గ్రంథాలయం ఒక్క వేలి దూరంలో ఉంది. దాన్ని తీసేయాలని కోరే హక్కు నాకు లేదు, ఉద్దేశమూ లేదు. లింకు ఉండాలి. అది వాక్యం మధ్యలోనే ఎందుకు ఉండాలన్నదే నా ప్రశ్న.

మన పుస్తకాలకు ఈ విషయంలో పాత అలవాటు ఒకటి ఉంది. టీకా తాత్పర్యాలతో అచ్చయిన కావ్యాల్లో ముందు పద్యం ఉంటుంది. దాని కింద ప్రతిపదార్థం, ఆ తరువాత తాత్పర్యం. పద్యంలో ఎంత కఠినమైన పదం ఉన్నా, అక్కడికక్కడే ఆగి అర్థం చూడమని పద్యం మధ్యలో ఏ గుర్తూ ఉండదు. ముందు పద్యం మొత్తం చెవిన పడాలి, దాని నడక తెలియాలి, ఆ తరువాత ఒక్కో పదాన్నీ విప్పుకోవాలి. వచన గ్రంథాల్లోని అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) కూడా మాట పక్కన చిన్న అంకెగా మాత్రమే ఉంటుంది. చదివేవారి కన్ను ముందు మాటను చదివి, తరువాత అంకెను చూస్తుంది. లింకు రంగు మాటకే అంటుకొని ఉంటుంది కాబట్టి, వాక్యం అక్కడికి చేరకముందే మూడు వరుసల పై నుంచి కంటికి తగులుతుంది. లింకులను వ్యాసం చివరకు మార్చాలనే ఆలోచనను అమెరికా రచయిత నికొలస్ కార్ 2010లో చర్చకు పెట్టాడు. దాన్ని అప్పట్లో చాలామంది వ్యతిరేకించారు, మూలాన్ని మాట పక్కనే చూపడం రచయిత బాధ్యత అన్నారు. పత్రికా రచనలో అది నిజం కావచ్చు. నాకు మాత్రం వ్యాసం చివర కన్నా పేరా చివర సరైన చోటుగా కనిపిస్తుంది. ఒక ఆలోచన ముగిసి, క్రియ పడి, మనసు ఊపిరి తీసుకొనే చోటు అది.

రీడర్ మోడ్ ఈ పని చేయగలదు. వ్యాసాన్ని విడదీసి, పేరాలను గుర్తించి, లింకులను లెక్కపెట్టడం దానికి ఇప్పటికే వచ్చు. నా ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోని రీడర్ మోడ్‌లో లింకులను మొత్తంగా ఆపివేసే మీట ఉంది. అది నొక్కితే లింకులన్నీ మామూలు నల్లటి మాటలవుతాయి. తెలుగు వ్యాసాన్ని ఆ రూపంలో మొదటిసారి చూసినప్పుడు అచ్చు పుస్తకం తెరిచినంత హాయిగా అనిపించింది. చీలిన మాటలు ఒక్కటయ్యాయి. అయితే అవసరమైన లింకు కూడా కనిపించదు కాబట్టి, చదవడం అయ్యాక మళ్లీ మీట నొక్కి వెతుక్కోవాలి. నా ఫోన్ బ్రౌజర్‌లో ఆ మీట కూడా లేదు, నా చదువు ఎక్కువగా సాగేది ఫోన్‌లోనే.

వికీపీడియా తన డెస్క్‌టాప్ పాఠకుల కోసం 2018లో తెచ్చిన ఏర్పాటు మరో మంచి దారి చూపింది. మౌస్ బాణాన్ని లింకు మీద ఒక్క క్షణం నిలిపితే ఆ వ్యాసంలోని మొదటి వాక్యాలు చిన్న పెట్టెలో కనిపిస్తాయి. విశ్వేశ్వరయ్య ఇంజినీరు అని తెలిస్తే చాలనుకున్నవారికి పేజీ వదలనక్కరలేకుండా పని జరిగిపోతుంది. తెలుగు వ్యాసాల్లో పెట్టె మూసుకోగానే కన్ను ఆగిన చోటి నుంచే సాగుతుంది, వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టవలసిన అవసరం నాకు చాలా తక్కువసార్లు కలిగింది. రీడర్ మోడ్‌లోకి మారితే ఆ పెట్టె రాదు, ఎందుకంటే పేజీతో వచ్చే ప్రోగ్రాములన్నిటినీ రీడర్ మోడ్ తొలగిస్తుంది. ప్రకటనలతో పాటు ఈ మంచి ఏర్పాటు కూడా పోతుంది. విజ్ఞానసర్వస్వ వ్యాసాలను కంప్యూటర్‌లో చదివేటప్పుడు నేను ఇప్పుడు రీడర్ మోడ్ వాడడం మానేశాను.

పోల్చి చూడడానికి మూసీ వ్యాసాన్నే కాగితం మీద కూడా చదివాను. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల వీధుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం జిరాక్స్ దుకాణాలు ఎన్నో ఉన్నాయి. రీడర్ మోడ్‌లోని పేజీని పీడీఎఫ్‌గా భద్రపరిచి వాట్సాప్‌లో పంపితే, రెండు నిమిషాల్లో ప్రింటు తీసి మూలకు పిన్ను కొట్టి ఇచ్చారు. మామూలు పేజీని నేరుగా ప్రింటు తీయిస్తే సగం కాగితాలు మెనూలకే పోయేవి. ఈ విషయంలో రీడర్ మోడ్‌కు పూర్తి మార్కులు ఇవ్వాలి. గ్రంథాలయంలో ఒక బల్ల దగ్గర చోటు చూసుకొని, చదువుతూ తెలియని ప్రతి పేరు చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను. మొత్తం పన్నెండు. వ్యాసం పూర్తయ్యేసరికి వాటిలో ఏడింటికి జవాబు తరువాతి పేరాల్లోనే దొరికింది. ఆ ఏడు చోట్లా లింకు నొక్కి ఉంటే, రచయిత కాసేపట్లో చెప్పబోయే విషయాన్ని నేను వేరే చోటికి వెళ్లి వెతికినట్టయ్యేది. మిగిలిన అయిదింటిలో రెండింటి గురించి ఆ రాత్రి చదివాను. రాత్రి చదివిన ఆ రెండు పేజీలూ నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నాయి.

అక్షరాల సంగతి. తెలుగుకు వరుసల మధ్య ఎడం చాలా ముఖ్యం. ఎడం తక్కువైతే పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. రీడర్ మోడ్‌లో ఆ ఎడం పెంచుకొనే వీలుంది, తెలుగు పాఠకులు మొదట మార్చుకోవలసింది దాన్నే. ఫాంటు ఎంపిక మాత్రం ఇంగ్లీషు అక్షరాలనే మార్చింది, తెలుగు అక్షరాలు ఉన్నట్టే ఉన్నాయి. పట్టికలు, బొమ్మల కింది వివరాలు అప్పుడప్పుడు ఎగిరిపోతాయి కాబట్టి గణాంకాలున్న వ్యాసాలకు అసలు పేజీని కూడా ఒకసారి చూడడం మంచిది.

చదివి వినిపించే సదుపాయం గురించి ఒక మాట. నా రీడర్ మోడ్‌లో దాన్ని మొదలుపెడితే లింకులను పట్టించుకోకుండా వాక్యాన్ని వాక్యంగా చదువుతుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మా కళాశాలలో చూపు లేని ఒక సహోద్యోగి కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటారు. మామూలు పేజీలో ప్రతి లింకు దగ్గరా అది ‘లింక్’ అని పలుకుతుంది. పది లింకులున్న పేరాలో ఆయన పదిసార్లు ఆ మాట వింటారు. ఎక్కడ లింకు ఉందో తెలియాలి కాబట్టి అలా పలకడం అవసరమే. అయినా ఆయన పక్కన కూర్చుని ఒక పేరా విన్న రోజు, నా కన్ను నిశ్శబ్దంగా చేస్తున్న పని ఏమిటో నాకు మొదటిసారి చెవితో తెలిసింది. దీర్ఘ వ్యాసాలకు ఆయన ఇప్పుడు రీడర్ మోడ్‌లోని చదివి వినిపించే మీటనే వాడుతున్నారు, నేనూ రైల్లో నిలబడవలసి వచ్చిన రోజుల్లో అదే వాడుతున్నాను.

పత్రికల వ్యాసాలు చదివేవారు, ప్రింటు తీసుకొని చదివేవారు, వినేవారు ఈ సౌకర్యాన్ని నిస్సందేహంగా వాడవచ్చు. లింకులు దట్టంగా ఉన్న వ్యాసాలను ఫోన్‌లో చదివేవారికి దీనివల్ల దక్కే మేలు సగమే. వారు పక్కన ఒక కాగితం ఉంచుకొని, తెలియని పేరు రాసుకొని, కనీసం ఆ పేరా ముగిసేదాకా ఆగి చూడాలి. ఆగడం కష్టమనిపిస్తే లింకు మీద వేలు నొక్కి ఉంచి వేరే ట్యాబ్‌లో తెరిచి, ఆ ట్యాబ్‌ను చివరిదాకా చూడకుండా ఉండడం రెండో మార్గం. నాకు మొదటిదే పనిచేసింది.

ప్రస్తుతానికి నేను దీనికి ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. లింకులను ఆపే మీట ఫోన్‌లోకి వస్తే నాలుగు ఇస్తాను. వాటిని పేరా కిందికి చేర్చే ఏర్పాటు వస్తే మిగిలిన ఒక్క మార్కు కూడా ఇచ్చి ఈ సమీక్షను మళ్లీ రాస్తాను.